ఎదురుగాలిలో అడుగులు: ఫాలో దుప్పి వేట వెనుకనున్న విజ్ఞానం

తెలుగు కావ్యాలలో వేటకు పెద్దపీట ఉన్నది. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నని వేట సాహిత్యాభిమానులకు సుపరిచితాలే. మృగయను రాజులకు వినోదమన్న పెద్దలే దానిని సప్తవ్యసనాలలో ఒకటిగా కూడా లెక్కపెట్టారు. ఇంకొక విశేషమున్నది. రామాయణ, భారత కథలు రెండూ ఒక్కొక్క వేట పొరపాటుతో మలుపు తిరిగాయి. దశరథుడు కంటికి కనబడని లక్ష్యాన్ని కేవలం శబ్దాన్నిబట్టి కొట్టాడు. ఏనుగు నీరు త్రాగుతున్నదనుకుంటే అక్కడ కడవ ముంచుతున్నవాడు మునికుమారుడు. పాండురాజు జతగూడి ఉన్న లేళ్లపై బాణం వేశాడు. ఆ మృగరూపంలో ఉన్నవాడు కిందముడనే ముని. లక్ష్యాన్ని నిర్ధారించుకోకపోవడం మొదటి తప్పు. కాలాన్ని పాటించకపోవడం రెండవ తప్పు.

ఐరోపా అడవులలో నేడు మార్గదర్శి వెంట సాగే దుప్పి వేటకు ఈ రెండు నియమాలే పునాది. కంటితో చూసి, జాతి, లింగం, వయస్సు గుర్తించనిదే తుపాకి ఎత్తరాదు. ఋతువు కానప్పుడు అడవిలో అడుగు పెట్టరాదు. ఈ వేటలో ప్రధాన లక్ష్యాలలో ఒకటి ఫాలో దుప్పి.

కువైట్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విషయంతో ఏమి సంబంధమని అనిపించవచ్చు. సంబంధం మూడు విధాల ఉన్నది. వేసవి సెలవులలో లండన్, డబ్లిన్ నగరాలకు వెళ్లినవారు రిచ్మండ్ పార్కులోనో, ఫీనిక్స్ పార్కులోనో చూసి ఫోటోలు తీసుకునే చుక్కల దుప్పి ఇదే. ఆ దేశాలలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పిల్లల ఇళ్లకు మిత్రుల ద్వారా బహుమతిగా వచ్చే వేటమాంసం చాలావరకు దుప్పి మాంసమే. దానితోపాటు వంటింటికి రాగల ఒక ప్రమాదాన్ని గురించి తెలుసుకోవలసి ఉన్నది. ఇక మూడవది, ఈ దుప్పికి స్వయాన దాయాది అయిన మరొక జాతి కువైట్‌కు ఉత్తరాన సుమారు మూడువందల కిలోమీటర్ల దూరంలోనే తన చివరి ఆశ్రయాన్ని వెదుక్కున్నది. ఒకచోట వేట లేక సంఖ్య పెరిగిపోవడం, మరొకచోట హద్దులేని వేటవల్ల జాతి అంతరించబోవడం, ఈ రెండూ ఒకే కుటుంబపు కథలు.

ఏది జింక, ఏది దుప్పి?

వాడుకలో జింక, లేడి, దుప్పి అనే మాటలు కలగాపులగమయ్యాయి. జంతుశాస్త్రం మాత్రం వీటిని రెండు వేర్వేరు కుటుంబాలుగా విభజిస్తుంది. కృష్ణజింక ఆవులు, మేకలు చేరిన కుటుంబానికి చెందినది. దాని కొమ్ము లోపల ఎముక, పైన మన గోళ్లలో ఉండే కెరటిన్ తొడుగు. అది జీవితాంతం ఉంటుంది, కొమ్మలు వేయదు. దుప్పి కుటుంబం వేరు. దాని కొమ్ము నిండుగా ఎముకే. ఏటేటా రాలిపోయి మళ్లీ మొలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక కాగా, తెలంగాణ రాష్ట్ర జంతువు మచ్చల దుప్పి. రెండు తెలుగు రాష్ట్రాలు ఈ రెండు కుటుంబాలనూ చెరొకటి పంచుకున్నాయనవచ్చు.

ఫాలో దుప్పి రెండవ కుటుంబానిది. 1758లో లిన్నేయస్ వర్ణించిన ఈ జాతికి శాస్త్రీయనామం డామా డామా. వేసవిలో గోధుమవన్నె చర్మంపై తెల్లని చుక్కలతో మన అడవుల మచ్చల దుప్పిని తలపిస్తుంది. అయితే మగదాని కొమ్ములు చివరికంటా సన్నగా సాగక, వేళ్లు చాచిన అరచేతివలె వెడల్పుగా విచ్చుకుంటాయి. పెరిగిన మగది 46 నుండి 94 కిలోలు, ఆడది 35 నుండి 56 కిలోలు తూగుతుంది. రంగులలో కూడా వైవిధ్యమున్నది. సాధారణ చుక్కల వన్నె, లేతవన్నె, నలుపు, తెలుపు అన్నీ ఒకే మందలో కనబడతాయి.

దీని పుట్టిల్లు నేటి టర్కీ దేశపు అనటోలియా ప్రాంతం. రోమన్లు దీనిని బ్రిటన్‌కు తీసుకువెళ్లారు. తరువాత 11వ శతాబ్దంలో నార్మన్లు మళ్లీ ప్రవేశపెట్టారు. 19వ శతాబ్దంలో వలసదారుల ఓడలెక్కి టాస్మానియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాలకు చేరింది. ప్రపంచమంతటా విస్తరించిన ఈ జాతి తన పుట్టింట మాత్రం అంటాల్యా సమీపంలోని టెర్మెసోస్ పరిసరాలలో కొద్దిపాటి మందగా మిగలడం విధివైచిత్ర్యం.

రసాయన దృష్టితో చూస్తే ఆ కొమ్ము ఒక అద్భుతం. వసంతంలో పాత కొమ్ము రాలగానే, రక్తనాళాలతో నిండిన మెత్తని చర్మం క్రింద క్రొత్త కొమ్ము మొలుస్తుంది. క్షీరదాల శరీరాలలో ఇంత వేగంగా పెరిగే కణజాలం అరుదు. దానికి కావలసిన కాల్షియం, ఫాస్ఫరస్ లవణాలు మేతనుండి పూర్తిగా అందకపోతే దుప్పి తన ప్రక్కటెముకల నుండే అప్పు తీసుకుంటుంది. తరువాతి నెలలలో ఆ అప్పును తీర్చుకుంటుంది. వేసవి చివర టెస్టోస్టెరోన్ హార్మోన్ పెరిగినప్పుడు పైచర్మం ఎండి ఊడి, కొమ్ము గట్టిపడుతుంది. రాలిన కొమ్ములను దుప్పులే కొరికి తినడం అడవిలో సాధారణ దృశ్యం. ఖర్చయిన ఖనిజం ఆ విధంగా తిరిగి ఖాతాలో జమ అవుతుంది.

మార్గదర్శి వెంట

వేట పద్ధతులు స్థూలంగా మూడు. జనం కేకలు వేస్తూ మృగాలను ఒకవైపుకు తోలడం ఒకటి. మాటువేసి, అవసరమైతే దీమాన్ని ఎరగా నిలిపి, మృగం వచ్చేదాకా కూర్చోవడం రెండవది. మృగం ఉన్నచోటికి మనిషే చప్పుడు లేకుండా పొంచి నడిచి చేరడం మూడవది. ఈ మూడవ పద్ధతినే ఆంగ్లేయులు స్టాకింగ్ అనీ, జర్మన్లు పిర్ష్ అనీ అంటారు. హంగరీలోని గ్యులాయ్ అడవి పెద్ద ఫాలో కొమ్ములకు ప్రసిద్ధి. అక్కడికి విదేశీ వేటగాళ్లు వెళ్లేది ఈ పద్ధతిలో వేటాడటానికే.

అతిథి వేటగాని ముందు నడిచేవాడు మార్గదర్శి. అతనికి ఆ అడవిలో ఏ పొద ఎక్కడున్నదో, ఏ మంద ఏ వేళకు ఏ మైదానానికి వస్తుందో తెలుసు. తెల్లవారక ముందే బయలుదేరుతారు. ముందుగా తుపాకి గురి సరిగా ఉన్నదో లేదో ఒక చెక్కబోర్డుపై కాల్పించి చూస్తాడు. ఆ తరువాత నడక, నిలకడ, దుర్భిణితో పరిశీలన, మళ్లీ నడక. రెండు మూడు గంటల నడకలో మనిషి కదిలే సమయం కంటె కదలకుండా నిలిచే సమయమే ఎక్కువ. మంద కనబడితే, కొట్టదగినది ఏదో నిర్ణయించేది అతిథి కాదు, మార్గదర్శి. ముసలిది, కుంటిది, బలహీనమైన కొమ్ములున్నది ముందు. మేలైన యువ మృగాన్ని వంశవృద్ధికి వదిలిపెడతారు. దుప్పి వెనుక మట్టిగట్టు లేకపోతే కాల్చనివ్వడు. ఎందుకంటే గురితప్పిన తూటా కిలోమీటర్ల దూరం పోగలదు. వేటకు డబ్బు చెల్లించిన అతిథి రిక్తహస్తాలతో తిరిగిరావడం ఇందులో సర్వసాధారణం.

మృగం నేలకొరిగిన తరువాత జర్మన్ వేటగాళ్లు దాని నోట ఒక పచ్చని రెమ్మను ఉంచుతారు. 'చివరి కబళం' అని ఆ ఆచారానికి పేరు. ప్రాణం తీసినవాడు ఆ ప్రాణం పట్ల చూపే చివరి మర్యాద అది.

ముక్కుతో పోటీ

దుప్పిని సమీపించడంలో మొదటి ఆటంకం దాని ఘ్రాణశక్తి. మనిషి చర్మంపై చెమటను బాక్టీరియాలు విచ్ఛిన్నం చేసినప్పుడు చిన్న గొలుసుల కొవ్వు ఆమ్లాలు వెలువడతాయి. వీటి అణువులు తేలికైనవి, ఆవిరయ్యే గుణం గలవి. ఇవి గాలిలో సమానంగా వ్యాపిస్తాయనుకోవడం పొరపాటు. అగరువత్తి పొగవలె తీగలు తీగలుగా, సుడులుగా గాలివాటున సాగిపోతాయి. అందువల్ల వేటగాడు ఎప్పుడూ గాలికి ఎదురుగానే నడవాలి. మార్గదర్శి జేబులో ఒక చిన్న పొడిసీసా ఉంటుంది. అప్పుడప్పుడు దానిని నొక్కి, ఎగిరిన పొడి ఎటు పోతున్నదో చూస్తాడు. ఇదే పనిని చిటికెడు బూడిదతో కూడా చేయవచ్చు.

కొండనేలలో గాలి దిక్కు వేళనుబట్టి మారుతుంది. రాత్రి చల్లబడిన బరువైన గాలి తెల్లవారుజామున లోయలోకి జారుతుంది. ఎండ ఎక్కినకొద్దీ వేడెక్కిన గాలి వాలు వెంబడి పైకి ఎగబ్రాకుతుంది. కనుక ఉదయం సరియైన దారి పదిగంటలకు సరికానిది కావచ్చు. భౌతికశాస్త్రం చదవని మార్గదర్శికి కూడా ఈ సంగతి కాళ్లకు తెలుసు.

అక్టోబరులో జతకట్టే ఋతువు. అప్పుడు మగదుప్పి గొంతునుండి గురకవంటి మూలుగు గంటల తరబడి వినబడుతుంది. కాళ్లతో నేలను గీరి, అందులో మూత్రం విడిచి, కంటిముందరి గ్రంథులను కొమ్మలకు రుద్ది తన ఉనికిని వాసనతో చాటుతుంది. ఆ రోజులలో మేత దాదాపు మాని, శరీరపు కొవ్వును కరిగించుకుంటుంది. దాని జాగరూకత తగ్గేది ఆ కొద్ది వారాలే.

కంటికి ఏమి కనబడుతుంది?

రెండవ ఆటంకం చూపు. 1994లో అమెరికా శాస్త్రజ్ఞులు తెల్లతోక దుప్పి, ఫాలో దుప్పి కళ్లపై విద్యుత్ స్పందనలను కొలిచి ఒక ముఖ్యమైన విషయాన్ని వెల్లడించారు. మనుషులకు రంగులను గుర్తించే కణాలు మూడు రకాలైతే, ఈ దుప్పులకు రెండే రకాలు. ఒకటి 450–460 నానోమీటర్ల నీలికాంతికి, రెండవది ఫాలో దుప్పిలో 542 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి అత్యధికంగా స్పందిస్తాయి. ఎరుపును ప్రత్యేకంగా గుర్తించే కణాలు లేవు. అందువల్ల వేటగాళ్లు పరస్పర రక్షణకోసం ధరించే కాషాయ, నారింజ రంగుల చొక్కాలు మనిషికి అల్లంత దూరానికే కొట్టవచ్చినట్లు కనబడినా, దుప్పికి ఆకుల వన్నెలో కలిసిపోతాయి.

ఇక్కడే సబ్బుపొడి రసాయనం అడ్డు వస్తుంది. బట్టలు తెల్లగా మెరిసిపోవడానికి సబ్బుపొడులలో కలిపే పదార్థాలలో స్టిల్బీన్ వర్గపు సమ్మేళనాలు ముఖ్యమైనవి. అవి కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని నీలికాంతిగా తిరిగి వెదజల్లుతాయి. మన కంటికి 'తళతళ' అనిపించేది ఆ నీలమే. దుప్పి కన్ను గట్టిగా స్పందించే ప్రాంతం కూడా అదే. ఆకుపచ్చ వేటదుస్తులు ధరించి అడవిలో దాగినానని తలచే మనిషి, వాటిని ఇంట్లో మామూలు సబ్బుపొడితో ఉతికి ఉంటే, తెల్లవారుజాము మసకవెలుగులో దుప్పికి ప్రత్యేకంగా కనబడే అవకాశమున్నది. అనుభవజ్ఞులు ఆ పదార్థాలు లేని సబ్బును వెదకి కొనుక్కోవడానికి కారణమిదే.

తూటా, సీసం, వంటిల్లు

తుపాకి తూటా సెకనుకు 800 మీటర్ల ప్రాంతపు వేగంతో పోతుంది. శబ్దవేగం సుమారు 340 మీటర్లు. నూరు మీటర్ల దూరంలోని దుప్పికి తూటా తగిలిన తరువాతనే చప్పుడు చేరుతుంది. గుండె, ఊపిరితిత్తుల భాగంలో సరిగా తగిలితే బాధ క్షణకాలమే. ఈ కారణంగానే ఇంగ్లండు చట్టం దుప్పి వేటకు కనీసం 6.1 మిల్లీమీటర్ల వ్యాసం, సుమారు 2,300 జౌళ్ల శక్తి గల తుపాకినే అనుమతిస్తుంది. బలహీనమైన తుపాకి మృగాన్ని చంపదు, గాయపరుస్తుంది.

మాంసపు నాణ్యత కూడా దీనిపై ఆధారపడి ఉన్నది. ప్రశాంతంగా మేస్తున్న దుప్పి కండరాలలో గ్లైకోజెన్ నిలువ ఉంటుంది. మరణానంతరం అది లాక్టిక్ ఆమ్లంగా మారి, మాంసపు పీహెచ్ విలువ 7 నుండి 5.5 ప్రాంతానికి దిగుతుంది. ఆ ఆమ్లత సూక్ష్మజీవులను అదుపులో ఉంచి మాంసాన్ని మృదువు చేస్తుంది. కుక్కలతో తరిమినప్పుడు, గాయపడి పరుగెత్తినప్పుడు గ్లైకోజెన్ ముందే ఖర్చయిపోతుంది. పీహెచ్ 6కు పైనే ఆగి, మాంసం నల్లగా, గట్టిగా తయారై త్వరగా పాడవుతుంది. పొంచి నడిచే వేటలోని ఓర్పుకు వంటింట కూడా ఫలితమున్నదన్నమాట.

అయితే అదే వంటింట ఒక ప్రమాదం పొంచి ఉండవచ్చు. సంప్రదాయ తూటాల లోపలి లోహం సీసం. మెత్తని ఆ లోహం ఎముకకు, కండకు తగిలి వందలాది తునకలవుతుంది. కొన్ని తునకలు కంటికి కనబడనంత సూక్ష్మంగా, గాయానికి ఎంతో దూరంగా కండలోకి చొచ్చుకుపోతాయి. 2009లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో 30 దుప్పుల మాంసాన్ని దుకాణాలలో కొట్టించి, ఎక్స్‌రే తీసి చూశారు. నూటికి ఎనభై దుప్పుల ఖైమా పొట్లాలలో లోహపు తునకలు కనబడ్డాయి. ఆ మాంసాన్ని పందులకు పెట్టగా వాటి రక్తంలో సీసం పెరిగింది.

సీసపు అయాను కాల్షియం అయానును పోలి ఉండటమే దాని దుర్మార్గానికి మూలం. శరీరం దానిని కాల్షియమని భ్రమించి పీల్చుకుంటుంది, ఎముకలలో దశాబ్దాల తరబడి దాచుకుంటుంది. హీమోగ్లోబిన్ తయారీలోని ఎంజైములను అది అడ్డుకుంటుంది. ఎదిగే మెదడుపై దాని దెబ్బ మరీ తీవ్రం. పిల్లల పేగులు పెద్దలకంటె ఎన్నో రెట్లు ఎక్కువగా సీసాన్ని గ్రహిస్తాయి. గర్భిణి ఎముకలలోని పాత సీసం కూడా కరిగి శిశువును చేరగలదు. పిల్లల రక్తంలో ఇంతవరకు ఉంటే నిరపాయమని చెప్పదగిన పరిమాణం ఏదీ లేదని వైద్యశాస్త్రం నేడు అంగీకరిస్తున్నది.

తెలుగు గృహిణులు మరొక్క సంగతి గమనించాలి. లోహాన్ని కరిగించేది ఆమ్లం. సీసపు గుండ్లున్న వేటపక్షి మాంసంపై స్పెయిన్ శాస్త్రజ్ఞులు జరిపి 2011లో ప్రకటించిన పరిశోధనలో, వెనిగర్ చేర్చి వండినప్పుడు జీర్ణక్రియకు అందే సీసం పెరుగుతుందని తేలింది. మన ఇగురులో, పులుసులో పడే చింతపండు, టమాట, నిమ్మ, పెరుగు అన్నీ ఆమ్లాలే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లానికి లోహపు అయానులను పట్టుకునే గుణం ప్రత్యేకంగా ఉన్నది. బహుమతిగా వచ్చిన వేటమాంసాన్ని రాత్రంతా పులుపులో నానబెట్టి వండే ముందు ఏ తూటాతో కొట్టారని అడగడం మర్యాదకు లోపం కాదు. రాగి తూటా అయితే అది తునకలు కాకుండా పూవులా విచ్చుకొని నిలుస్తుంది. సీసపు తూటా అని చెబితే, లేదా చెప్పలేకపోతే, చిన్నపిల్లలకు, గర్భిణులకు ఆ మాంసం పెట్టకపోవడమే క్షేమం. గాయం చుట్టూ ఉన్న మాంసాన్ని విశాలంగా కోసి పారవేయడం ప్రమాదాన్ని తగ్గిస్తుందే గాని తొలగించదు.

ప్రభుత్వాలు కూడా ఈ సంగతి గుర్తించాయి. కాలిఫోర్నియా 2019 జులై నుండి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. అక్కడి కాండర్ రాబందులు వేటగాళ్లు వదిలిన కళేబరాలు తిని సీసపు విషంతో మరణించడం అందుకు ముఖ్య కారణం. డెన్మార్క్ 2024లో సీసపు తూటాలను నిషేధించింది. బ్రిటన్ 2025లో అటువంటి ఆంక్షలను ప్రకటించింది.

లెక్క తెలిసిన వేట

తోడేళ్లు ఎప్పుడో అంతరించిన బ్రిటన్‌లో దుప్పులను అదుపు చేసే సహజ శత్రువు లేదు. అన్ని జాతులూ కలిపి అక్కడి దుప్పుల సంఖ్య 20 లక్షల ప్రాంతమని అంచనా. అవి లేత మొక్కల చిగుళ్లను మేసివేస్తే అడవి ముసలిదవుతుందే గాని మళ్లీ పుట్టదు. పొదలు పోతే పొదలలో గూడుకట్టే పక్షులూ పోతాయి. కనుక అక్కడ వేట వినోదం మాత్రమే కాదు, అడవి నిర్వహణలో ఒక భాగం. 1637 నాటి రిచ్మండ్ పార్కులో సైతం సుమారు ఆరువందల దుప్పుల మందను నిలకడగా ఉంచడానికి ఏటా ఫిబ్రవరి, నవంబరు నెలలలో రాత్రివేళ పార్కు మూసి కొన్నింటిని తగ్గిస్తారు.

ఇంగ్లండు, వేల్స్ దేశాలలో ఆడ ఫాలో దుప్పిని నవంబరు 1 నుండి మార్చి 31 వరకే వేటాడాలి. జూన్‌లో పుట్టే పిల్ల తల్లిపాలపై ఆధారపడే నెలలలో తల్లిని తాకరాదు. మగదానికి ఆగస్టు 1 నుండి ఏప్రిల్ 30 వరకు అనుమతి ఉన్నది. మగదానిని జతకట్టే ఋతువులో కూడా కొట్టనిస్తారు గనుక పాండురాజు దోషం అక్కడ సగమే దోషమవుతుంది. సూర్యాస్తమయం దాటిన గంట తరువాత నుండి సూర్యోదయానికి గంట ముందు వరకు కాల్పులు నిషిద్ధం. చీకటిలో శబ్దాన్ని కొట్టిన దశరథునికి మాత్రం మినహాయింపు లేదు.

కువైట్ పొరుగున మిగిలిన జాతి

ఇదంతా దుప్పులు మితిమీరిన చోటి కథ. హద్దులేని వేట జరిగిన చోటు కువైట్‌కు సమీపంలోనే ఉన్నది.

ఫాలో దుప్పికి ఒక్కటే దగ్గరి బంధువు, మెసొపొటేమియా ఫాలో దుప్పి. విక్టర్ బ్రూక్ 1875లో దీనిని ప్రత్యేక జాతిగా వర్ణించాడు. ఐరోపా దుప్పికంటె పెద్దది. కొమ్ములు చివరన కాక మొదటివైపున వెడల్పవుతాయి. పారశీకులు దీనిని పసుపుదుప్పి అంటారు. ఒకప్పుడు టైగ్రిస్, యూఫ్రటిస్ నదుల ఒడ్డు పొదలన్నీ దీని నివాసాలే. నినెవేలో అసుర్‌బనిపాల్ రాజప్రాసాదపు గోడలపై క్రీస్తుపూర్వం 7వ శతాబ్దంలో చెక్కిన శిల్పాలలో దుప్పులను వలలలోకి తోలుతున్న దృశ్యమున్నది. అది నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో చూడవచ్చు. పొంచి నడిచి ఒక్కదానిని ఎంచుకునే వేట కాదది, మందను మొత్తంగా చుట్టుముట్టే వేట.

నదీతీరపు అడవులు పొలాలైనకొద్దీ, తుపాకులు చేతికి వచ్చినకొద్దీ ఈ జాతి క్షీణించింది. 20వ శతాబ్దపు నడుమకు అది అంతరించిందనే శాస్త్రలోకం భావించింది. 1956లో ఇరాన్‌లోని ఖుజెస్తాన్ రాష్ట్రంలో, దెజ్, కర్ఖే నదుల ఒడ్డున తమరిస్క్, పోప్లార్ చెట్ల దట్టమైన పొదలలో కొద్దిపాటి దుప్పుల జాడ దొరికింది. కువైట్ నగరం నుండి ఆ పొదలు హైదరాబాదు నుండి తిరుపతి కంటె దగ్గర. తరువాతి రెండేళ్లలో జర్మన్ యాత్రికులు పట్టిన కొద్ది దుప్పులు క్రోన్‌బెర్గ్‌లోని ఓపెల్ జంతుశాలకు చేరాయి. 1960లలో ఇరాన్ ప్రభుత్వం మరికొన్నింటిని కాస్పియన్ తీరాన సారీ పట్టణం వద్ద దష్తె నాజ్ రక్షితప్రాంతానికి తరలించింది. 1980–88 మధ్య ఖుజెస్తాన్ యుద్ధభూమి అయినప్పుడు, దూరాన ఉన్న ఈ మందలే జాతికి భరోసా అయ్యాయి. నేటికీ ఇది ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలోనే ఉన్నది.

కువైట్ ఎడారికి కూడా ఇటువంటి అనుభవమున్నది. ఒకప్పుడు ఇక్కడి బదూలు సలూకీ కుక్కలతో, డేగలతో, ఒంటెచాటున పొంచి నడిచి 'రీమ్' జింకలను వేటాడేవారు. కాళ్లకు, కుక్కలకు అలసట ఉన్నది గనుక జింకకు కూడా బ్రతుకు అవకాశముండేది. మోటారు వాహనం, దానిపై తుపాకి వచ్చిన తరువాత ఆ సమతౌల్యం తప్పింది. కువైట్ నేలపై అడవి జింక మందలు కనుమరుగయ్యాయి. అరేబియా ఒరిక్స్ పరిస్థితి కూడా అదే. 1972లో ఒమన్‌లో చివరి అడవి ఒరిక్స్‌లు అంతరించాయి. అయితే అంతకు ముందే 1960లలో అమెరికాలోని ఫీనిక్స్ జంతుశాలలో తొమ్మిది ఒరిక్స్‌లతో ఒక మందను కూర్చారు. అందులో ఒకటి కువైట్ పాలక కుటుంబం ఇచ్చినది. ఆ మంద సంతానం 1982లో తిరిగి ఒమన్ ఎడారిలో అడుగుపెట్టింది. ఒక జాతి పునర్జీవనంలో కువైట్‌కు కూడా భాగమున్నదని ఇక్కడ పెరిగే తెలుగు పిల్లలకు చెప్పదగిన విషయమిది.

2014 నాటి 42వ పర్యావరణ పరిరక్షణ చట్టం కువైట్‌లో వన్యప్రాణుల వేటను నిషేధిస్తున్నది. చలికాలపు గుడారాల రోజులలో ఎడారికి వెళ్లే కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఖాతానికి ఉత్తరాన ఉన్న సబాహ్ అల్ అహ్మద్ రక్షితప్రాంతం, కంచె వేసి మేతను, వాహనాలను ఆపితే ఎడారి ఎంతగా పచ్చబడగలదో చూపిస్తున్నది. భారతదేశంలోనైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద కృష్ణజింక, మచ్చల దుప్పి వేట నేరం. ఐరోపాలో చట్టబద్ధమైన వేట మన ఊళ్లో చట్టబద్ధం కాదు.

జాడ తెలిసినవాడు

కువైట్‌లోని తెలుగువారిలో కడప జిల్లానుండి వచ్చినవారు అనేకులు. వారి స్వస్థలం కూడా ఇటువంటి ఒక కథకు సాక్షి. 1848లో బ్లైత్ వర్ణించిన కలివికోడి 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందనే నిర్ణయమయింది. 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లె వద్ద అది తిరిగి దొరికింది. దానిని వెదుకుతూ వచ్చిన శాస్త్రజ్ఞులకు రాత్రివేళ దీపపు వెలుగులో పట్టి చూపినవాడు, పక్షులను పట్టడంలో ఆరితేరిన స్థానిక వేటగాడు. ఆ పక్షి కోసమే నేడు శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమున్నది. నల్లమలలో చెంచులు కూడా నేడు పెద్దపులుల అడుగుజాడలు చదివి అటవీశాఖకు అండగా నిలుస్తున్నారు.

ఎదురుగాలిలో నడవడం, నేలపై గుర్తులు చదవడం, మృగం వయస్సు కంటితో పోల్చుకోవడం, అక్కరలేనప్పుడు చేయి దించడం, ఇవన్నీ మార్గదర్శి విద్యలు. ఇంగ్లండు అడవిలో ఏ దుప్పిని కొట్టవచ్చునో చెప్పే విద్యా, రెడ్డిపల్లె పొదలలో కలివికోడి ఎక్కడ దాగినదో చెప్పే విద్యా ఒక్కటే. నినెవే వలలకు, ఎడారి మోటారు వాహనాలకు లేనిది ఆ విద్యే. ఎన్ని ఉన్నాయో లెక్కించి, ఏది వదలాలో తెలిసి, ఎక్కడ ఆగాలో నిర్ణయించుకున్నచోట దుప్పి మిగిలింది, అడవి కూడా మిగిలింది. ఆ లెక్క తప్పినచోట, చివరి పొదలో దాగిన కొద్ది జీవాలను వెదకడానికి మళ్లీ ఆ జాడ తెలిసినవాడే కావలసివచ్చింది.